చిన్న వేరుకి చిన్న గాదె: రూట్‌స్టాక్ తెలుసుకుని పండ్ల చెట్టుని చూసుకోవడం ఎలా

రెండు ఆపిల్ అంటు మొక్కలు ఒకే రోజు పక్కపక్కన నాటాను. పైన ఉన్నది ఒకటే రకం, కొమ్మలు కూడా ఒకే తల్లి చెట్టువి, కింద వేరు మాత్రమే తేడా, ఒకటి ఎం 9 అనే పొట్టి వేరు మీద కట్టింది, రెండోది ఎంఎం 111 అనే బలమైన వేరు మీద కట్టింది. రెండో ఏడాది చిన్నది నిండా పూసింది, పెద్దది కొమ్మల మీద కొమ్మలు వేసుకుంటూ పోయింది కానీ ఒక్క పువ్వు లేదు. చిన్న చెట్టుకి అన్ని పిందెలు చూసి తీసెయ్యడానికి మనసొప్పలేదు, అన్నీ ఉంచేశాను, కాయలు బాగానే కోశాను కూడా. మరుసటి ఏడాది చిగుళ్లు వచ్చే టైంకి అసలు సంగతి బయటపడింది, పక్క చెట్టు మూరెడేసి చిగుళ్లు వేస్తుంటే ఇది బెత్తెడు కూడా సాగలేదు, ఆకులు చిన్నచిన్నవి, లేత పసుపు రంగు, పూత అసలే లేదు. నీళ్లు పెట్టా, ఎరువేశా, వేరుపురుగు ఏమైనా పట్టిందా అని పాదు తవ్వి చూశా, ఏమీ లేదు. చెట్టుకి జబ్బు లేదు, తిండి దాచుకునే గాదె ఖాళీ అయిపోయింది అంతే.

రూట్‌స్టాక్, అంటే అంటు కింద ఉండే వేరు మొక్క, అనగానే చాలామంది ఎత్తు అడుగుతారు, ఇది ఎన్ని అడుగులు పెరుగుతుంది అని. ఎత్తు ముఖ్యమే, కానీ చెట్టు ఎంత దాచుకోగలదు, దాచుకున్నదాన్ని చెక్కకి పెడుతుందా కాయకి పెడుతుందా అనేది కూడా చాలావరకు ఆ వేరే తేలుస్తుంది. ఇది బుర్రకెక్కితే కత్తిరింపులు, పిందెలు తీయడం, నీళ్లు, ఎరువులు అన్నీ ఒక లెక్కలోకి వచ్చేస్తాయి, లేకపోతే ఒక చెట్టుకి పనికొచ్చిన సలహా ఇంకో చెట్టుకి పెట్టి దాన్ని పాడు చేస్తాం.

గాదె సంగతి ముందు

ఆకు ఎండలో చక్కెర తయారు చేస్తుంది, అందులో కొంత ఊపిరికి, కొంత చిగుళ్లకి, వేళ్లకి, కాయలకి పోతుంది, మిగిలింది చెట్టు స్టార్చ్‌గా మార్చి దాచుకుంటుంది. ఎక్కడ అంటే చెక్క లోపల మధ్య నుంచి బెరడు వైపు సైకిల్ చక్రం పుల్లల్లా సాగే సన్నటి కణాల వరసల్లో, బెరడులో, అన్నిటికంటే గట్టిగా వేళ్లలో. ఆకు రాల్చే చెట్లలో, అంటే ఆపిల్, పియర్, ప్లమ్, చెర్రీ, పీచ్ లాంటి వాటిలో, ఆకు రాలే ముందు ఈ నిల్వ నిండుగా ఉంటుంది. చలికాలం అంతా రాబడి లేదు, ఖర్చు మాత్రం ఉంటుంది, చలి ముదిరినప్పుడు ఆ స్టార్చ్‌లో కొంత మళ్లీ చక్కెరగా మారి కణాలు గడ్డకట్టకుండా కాపాడుతుంది. తర్వాత పూత, మొదటి ఆకులు, కొత్త పీచు వేళ్లు అన్నీ ఈ నిల్వ మీదే బతకాలి, ఎందుకంటే లేత ఆకు పుట్టీ పుట్టగానే సంపాదించదు, మూడో వంతు నుంచి సగం దాకా విచ్చుకునేవరకు అదే చెట్టు దగ్గర తీసుకుంటుంది. అందుకే చెట్టు బాగా నీరసంగా ఉండే టైం చలికాలం అనుకుంటాం గానీ అసలు అడుగంటేది పూత అయిన కొన్ని వారాలకి.

నైట్రోజన్ కూడా ఇలాగే. ఆకు రాలే ముందు అందులో ఉన్న నైట్రోజన్‌లో చాలా భాగం చెట్టు వెనక్కి లాక్కుని బెరడులో, వేళ్లలో ప్రోటీన్ రూపంలో పెట్టుకుంటుంది, వచ్చే సీజన్ మొదటి ఆకులు ఎక్కువగా దానితోనే తయారవుతాయి, అప్పటికి నేల ఇంకా చల్లగా ఉండి వేళ్లు పెద్దగా లాగవు కాబట్టి. బత్తాయి, నారింజ, మామిడి లాంటి ఆకు రాల్చని చెట్లలో ఆకులు కూడా గాదెలో భాగమే, చలికాలం గండం లేకపోయినా పూత టైంలో, పెద్ద కాపు టైంలో వేళ్ల దగ్గర నిల్వ అలాగే కరిగిపోతుంది. ఫ్లోరిడాలో మర్కాట్ అనే కమలా జాతి చెట్లు విపరీతంగా కాసిన ఏడాది చివర్లో నిలువునా ఎండిపోవడం జరిగేది, తవ్వి చూస్తే వేళ్లలో స్టార్చ్ దాదాపు లేదు. కాయలు వేళ్లని తినేశాయన్నమాట.

వేరు పైకొమ్మని ఎలా ఆపుతుంది

కింద వేరు చిన్నది కాబట్టి చెట్టు చిన్నది అనుకోవడం సగం నిజమే. కొమ్మ చివర్లో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ బెరడు దగ్గరగా కిందకి దిగి వేళ్లకి చేరాలి, వేళ్లు దానికి స్పందించి సైటోకైనిన్ అనే ఇంకో హార్మోన్ తయారు చేసి పైకి పంపాలి, అప్పుడు కొమ్మ ఇంకా పెరుగుతుంది. ఎం 9 లాంటి పొట్టి రూట్‌స్టాక్ బెరడులో ఆ ఆక్సిన్ సాఫీగా దిగదు. ఎంతలా అంటే బలమైన చెట్టు మొదలుకి ఎం 9 బెరడు ముక్క ఒక ఉంగరంలా అతికించినా కూడా ఆ చెట్టు పెరుగుదల తగ్గుతుంది. దాంతో కొమ్మలు సీజన్ మధ్యలోనే సాగడం ఆపేస్తాయి, ఆపేసిన కొమ్మ ఆకుల సంపాదన కొత్త చిగురుకి పోకుండా పూమొగ్గలు కట్టడానికి పోతుంది, అందుకే పొట్టి చెట్టు రెండు మూడేళ్లకే కాస్తే గింజ మొలక మీద కట్టిన ఆపిల్‌కి ఆరేళ్లు, ఎనిమిదేళ్లు, ఒక్కోసారి పదేళ్లు పడుతుంది.

ఇంకోటి నీటి గొట్టాలు. పొట్టి రూట్‌స్టాక్‌లలో, ముఖ్యంగా పీచ్‌లో బాగా గమనించింది ఏంటంటే, నీరు పైకి తీసుకెళ్లే గొట్టాలు సన్నగా ఉంటాయి, గొట్టం వెడల్పు సగం అయితే దానిలో పారే నీరు సగం అవ్వదు, పదహారో వంతుకి పడిపోతుంది. మధ్యాహ్నం ఎండలో పైకొమ్మకి నీరు కొంచెం కొరత పడుతుంది, ఆ కొరత రోజూ ఉంటుంది కాబట్టి కొమ్మ సాగడం తగ్గుతుంది. పైగా ఎం 9 వేళ్లలో బెరడు మందం ఎక్కువ, చెక్క తక్కువ, అందుకే అవి పెళుసుగా ఉంటాయి, గాలికి చెట్టు ఒరిగిపోతుంది, జీవితాంతం ఊతకర్ర ఉండాల్సిందే.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. పొట్టి చెట్టుకి చెక్క తక్కువ, వేళ్లు తక్కువ, అంటే గాదె చిన్నది, కానీ కాపు తొందరగా వస్తుంది, సంపాదనలో పెద్ద వాటా కాయలకే పోతుంది. బలమైన రూట్‌స్టాక్ మీద చెట్టుకి గాదె పెద్దది, ఒక ఏడాది కరువొచ్చినా, ఆకు పురుగు తినేసినా తట్టుకుంటుంది, కానీ అది దాచింది కాస్తా కొమ్మలకే పెడుతూ పోతుంది, మనకి కాయలు లేటవుతాయి. పొట్టి చెట్టుకి దాచుకునేలా మనం సాయం చెయ్యాలి, పెద్ద చెట్టు ఖర్చుని కాయల వైపు మళ్లించాలి, కింద చెప్పే పనులన్నీ ఈ రెండిట్లో ఏదో ఒక దాని కోసమే.

ఏ వేరు తీసుకోవాలి

ఆపిల్‌లో పేర్లు గజిబిజిగా ఉంటాయి కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగుదాం. ఇంగ్లండ్‌లో కెంట్ కౌంటీలో 1913 లో ఈస్ట్ మాలింగ్ రీసెర్చ్ స్టేషన్ మొదలైంది, అక్కడ రోనాల్డ్ హాటన్ యూరప్ అంతా రకరకాల పేర్లతో కలిసిపోయి తిరుగుతున్న పొట్టి వేర్లని సేకరించి, విడదీసి, నంబర్లు వేశారు, ఎం అంటే మాలింగ్. నంబర్‌కి సైజుకి సంబంధం లేదు, ఇది చాలామంది పొరపాటు పడే చోటు, ఎం 27 అన్నిటికంటే పొట్టిది, ఎం 9 దానికంటే పెద్దది, ఎం 26 ఇంకొంచెం పెద్దది, ఎం 25 మాత్రం బాగా పెద్ద చెట్టు. తర్వాత వూలీ ఎఫిడ్ అనే ఉన్ని పేనుని తట్టుకునేలా నార్తర్న్ స్పై రకంతో కలిపి చేసినవి ఎంఎం సిరీస్, మాలింగ్ మెర్టన్. ఉజ్జాయింపుగా ఎం 27 రెండు మీటర్ల లోపు, ఎం 9 రెండు నుంచి మూడు మీటర్లు, ఎంఎం 106 నాలుగు మీటర్ల దాకా, ఎంఎం 111 ఇంకాస్త పైకి. అదే రూట్‌స్టాక్ అయినా పైన కట్టిన రకం బలమైనదైతే, నేల సారమైనదైతే ఇంకా పెరుగుతుంది.

ఎంచుకునేటప్పుడు నేను ముందు నేలని చూస్తాను. నేల పలచగా ఉండి, నీళ్లు రెగ్యులర్‌గా పెట్టలేని చోట ఎం 9, ఎం 27 పెట్టకండి, వాటి వేళ్లు తక్కువ మేర పాకుతాయి, నిల్వ తక్కువ, రెండు వారాలు ఎండితే ఆ సీజన్ ఆకు పని అంతా పోతుంది. అలాంటి చోట ఎంఎం 106 గానీ ఎంఎం 111 గానీ పెట్టుకుని కొమ్మలు వంచి సైజు అదుపు చేసుకోవడం మేలు. నీళ్లు నిలిచే బరువు నేలైతే ఎంఎం 106 కి మొదలు కుళ్లు వస్తుంది, ఎంఎం 111 కొంచెం నయం. ఫైర్ బ్లైట్ తెగులు ఉండే చోట ఎం 9, ఎం 26 రెండూ త్వరగా పోతాయి, అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు తయారు చేసిన జెనీవా సిరీస్‌లో జి 41 లాంటివి దానికి తట్టుకుంటాయి.

మిగతా పండ్లలో టూకీగా. పియర్‌ని పొట్టిగా ఉంచడానికి క్విన్స్ అనే ఇంకో పండు మొక్క వేరు మీద కడతారు. చెర్రీకి జర్మనీలోని గీసెన్‌లో వచ్చిన జిసెలా 5 చాలా పొట్టిది, విపరీతంగా పూస్తుంది, వదిలేస్తే కాయలు ఎక్కువై ఆకులు తక్కువై పండ్లు బఠాణీ గింజల్లా ఉండిపోతాయి, నిల్వ మించిన కాపు అంటే ఎలా ఉంటుందో చూడాలంటే దాన్ని మించిన ఉదాహరణ లేదు. సిట్రస్‌లో జంబేరి నిమ్మ వేరు గట్టిగా పెంచుతుంది, ఇసుక నేలల్లో లోతుకి పోయి నీళ్లు తెస్తుంది, కాయ సైజు పెద్దది కానీ తొక్క మందం, తీపి తక్కువ. ట్రైఫోలియేట్ ఆరెంజ్ మీద కడితే చెట్టు నిదానంగా పెరుగుతుంది, పండు రుచి బాగుంటుంది, చలికి ఆగుతుంది, సున్నం ఎక్కువున్న నేలలో మాత్రం ఆకులు పసుపు రంగుకి తిరుగుతాయి. దాంట్లోనే ఫ్లయింగ్ డ్రాగన్ అని మెలికలు తిరిగిన రకం ఉంది, అది నిజమైన పొట్టిది. మామిడిలో ఇప్పటికీ ఎక్కువగా టెంక మొలకల మీదే కడతారు, ఒక టెంక నుంచి చాలా మొలకలు వచ్చే రకాలు తీసుకుంటే అవి దాదాపు తల్లి లాంటివే కాబట్టి చెట్లన్నీ ఒకేలా పెరుగుతాయి, ఒకే మొలక వచ్చే టెంకలైతే ప్రతి వేరూ ఒక్కో తీరు, తోటలో ఒకటి పొడుగు ఒకటి పొట్టి అవ్వడానికి కారణం చాలాసార్లు అదే.

అంటు కుదరని జోడీలు కూడా ఉంటాయి, ఇది కొనే ముందే అడగండి. విలియమ్స్ పియర్ నేరుగా క్విన్స్ మీద సరిగా అతకదు, మధ్యలో బెరే హార్డీ లాంటి రకం ముక్క పెట్టి కడతారు. యురేకా నిమ్మ ట్రైఫోలియేట్ మీద నిలవదు. కుదరని అంటులో ఒక తరహా ఏంటంటే పైకి అంతా బాగానే అతికినట్టు ఉంటుంది కానీ చక్కెర కిందకి దిగదు, అంటు పైన స్టార్చ్ పేరుకుపోతుంది, కింద వేళ్లు ఆకలితో చస్తాయి, ఆకులు సీజన్ కాకుండానే ఎర్రబడి రాలిపోతుంటే, అంటు పైభాగం బోదలా ఉబ్బి కింద సన్నగా ఉంటే అనుమానించండి. ఊరికే కొంచెం ఉబ్బు ఉంటే భయపడక్కర్లేదు, ఎం 9 మీద ఆరోగ్యమైన చెట్లకీ ఉంటుంది.

నాటడం, మొదటి రెండేళ్లు

అంటు కట్టిన చోటు నేల మీదకి 10 నుంచి 15 సెంటీమీటర్లు పైన ఉండాలి, గుంత మట్టి కుంగిన తర్వాత కూడా. పూడిపోతే పైకొమ్మకే సొంత వేళ్లు వచ్చేస్తాయి, అప్పుడు మీరు డబ్బు పెట్టి కొన్న పొట్టి వేరు పేరుకే ఉంటుంది, చెట్టు తన సొంత వేళ్ల మీద ఇష్టమొచ్చినట్టు పెరుగుతుంది. మల్చింగ్ చేసేటప్పుడు కూడా ఆకులు, గడ్డి మొదలుకి ఆనించకండి, కొన్నేళ్లు పోగుపడితే అది కూడా పూడ్చినట్టే. అలా పూడిపోయిన చెట్టు దగ్గర మట్టి చేత్తో తీసి చూస్తే అంటు గాటు పైనుంచి పుల్లల్లాంటి తెల్ల వేళ్లు కనిపిస్తాయి, అవి సన్నగా ఉన్నప్పుడే కోసేసి మట్టి తీసి వదిలేయండి.

మొదటి ఏడాది పూలు ఏ చెట్టుకైనా తీసెయ్యండి. ఎం 9, ఎం 27, జిసెలా 5 లాంటి వాటికి రెండో ఏడాది కూడా తీసెయ్యమంటాను, లేదా చెట్టుకి నాలుగైదు కాయలు మాత్రం ఉంచండి. మొక్కని పీకినప్పుడు వేళ్లలో చాలా భాగం నర్సరీ మట్టిలోనే ఉండిపోయింది, వాటితో పాటు గాదె కూడా పోయింది, ముందు వేళ్లు కట్టనివ్వండి. పొట్టి వేరు కింద నుంచి పిలకలు వస్తే కత్తిరించకుండా చిన్నప్పుడే చేత్తో పీకెయ్యండి, కత్తిరిస్తే పిలక అడుగున మొగ్గలు మిగిలి ఇంకా గుంపుగా వస్తాయి. కలుపు గడ్డి అయితే పొట్టి చెట్టుకి అసలు శత్రువు, చుట్టూ మీటరు మేర గడ్డి లేకుండా ఉంచితే చాలు తేడా కళ్లకి కనిపిస్తుంది.

పిందెలు తీయడం

అన్నిటికంటే లాభమిచ్చే పని ఇది, అన్నిటికంటే మనసు రానిదీ ఇదే. కాయ ఉన్నప్పుడు వచ్చే ఏడాది పూమొగ్గ కట్టదు, దానికి తిండి కొరత ఒక్కటే కారణం కాదు, లేత కాయలోని గింజలు గిబ్బరెలిన్ హార్మోన్ పంపి పక్కన మొగ్గ పూమొగ్గగా మారకుండా ఆపుతాయి. ఆపిల్‌లో ఆ నిర్ణయం పూత అయిన ఆరు ఎనిమిది వారాల్లో జరిగిపోతుంది, కాబట్టి కాయలు నిమ్మకాయంత అయ్యాక తీస్తే ఈ ఏడాది సైజుకి పనికొస్తుంది గానీ వచ్చే ఏడాది పూతకి పెద్దగా పనికిరాదు. పిందె గోలీకాయంత ఉన్నప్పుడే గుత్తికి ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యండి.

ఎన్ని ఉంచాలి అనేదానికి పొట్టి చెట్లలో ఒక లెక్క ఉంది, నాకు బాగా నచ్చిన లెక్క. అంటుకి ఒక జానెడు పైన మొదలు చుట్టుకొలత టేపుతో తీసుకోండి, దాన్ని దానితోనే గుణించి 12.57 తో భాగిస్తే మొదలు అడ్డుకోత వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో వస్తుంది. చుట్టుకొలత 10 సెంటీమీటర్లు అయితే 100 ని 12.57 తో భాగిస్తే సుమారు 8. కాపుకొచ్చిన ఆపిల్ చెట్టుకి ఒక్కో చదరపు సెంటీమీటరుకి నాలుగు నుంచి ఆరు కాయలు, అంటే ఈ చెట్టుకి 40 అటూ ఇటూ. చెట్టు ఇంకా కుదురుకుంటున్న మూడో ఏడాది అయితే రెండు మూడు చొప్పున చాలు. పెద్ద చెట్లకి ఇలా లెక్కపెట్టడం కుదరదు, అక్కడ కాయకి కాయకి మధ్య జానెడు దూరం, ఒక్కో కాయకి 30 నుంచి 40 మంచి ఆకులు అని చూసుకోండి. నీరసంగా ఉన్న చెట్టుకి వీటిలో సగం.

కత్తిరింపులు

ఒకే కత్తెర రెండు టైముల్లో రెండు రకాలుగా పని చేస్తుంది. ఆకు లేని చలికాలంలో కొమ్మలు తీస్తే గాదె ఎక్కువగా వేళ్లలో, ముదురు చెక్కలో భద్రంగానే ఉంటుంది, తినే మొగ్గలు మాత్రం తగ్గుతాయి, మిగిలిన ఒక్కో మొగ్గకి వాటా పెరిగి చిగుళ్లు బలంగా దూసుకొస్తాయి. ఆకు మీద ఉన్న ఎండాకాలంలో తీస్తే రాబడే పోతుంది, వేళ్లకి చేరేది తగ్గుతుంది, చెట్టు నెమ్మదిస్తుంది.

దీన్ని బట్టి పొట్టి చెట్టుకి చలికాలం కత్తిరింపు కొంచెం గట్టిగానే చెయ్యాలి, ముసలి కాపు కొమ్మల్లో కొన్ని ఏటా వెనక్కి కోసి కొత్త చిగురు తెప్పించాలి, లేకపోతే అన్నీ పూమొగ్గలే అయిపోయి ఆకు తగ్గిపోతుంది. ఎంఎం 111, గింజ మొలక లాంటి బలమైన వేరు మీద చెట్టుకి చలికాలంలో తలకాయ నరికినట్టు నరికితే నిలువు కొమ్మల అడవి వస్తుంది, కాయ రాదు, మళ్లీ ఏడాది ఇంకా కోపంగా నరుకుతారు, మళ్లీ అదే. అలాంటి చెట్టుకి నిలువు కొమ్మలు తాడుతో కట్టి దాదాపు అడ్డంగా వంచండి, అవసరమైన కోత ఎండాకాలం రెండో సగంలో చెయ్యండి, నైట్రోజన్ ఆపండి. మరీ మాట వినకపోతే ఒక పక్క కొమ్మకి బెరడు సన్నటి ఉంగరంలా, మూడు నాలుగు మిల్లీమీటర్లు మించకుండా తీస్తే చక్కెర కిందకి దిగక ఆ కొమ్మలోనే ఉండి పూత వస్తుంది, గాయం మానేదాకా వేళ్లకి ఆ కొమ్మ నుంచి ఏమీ రాదు, కాబట్టి ఇది బలమైన చెట్టు మీద మాత్రమే, మొదలుకి కాకుండా ఒక్క కొమ్మకి మాత్రమే. నీరసంగా ఉన్న పొట్టి చెట్టు మీద దీని జోలికే పోకండి.

కోత అయ్యాక వదిలెయ్యకండి

కాయలు కోసేశాం కదా అని నీళ్లు ఆపేసేవాళ్లు చాలామంది, కానీ చెట్టు గాదె నింపుకునేది ముఖ్యంగా అప్పుడే, లాగే కాయ లేదు, చిగురు ఆగింది, ఆకులు ఇంకా పచ్చగా ఉన్నాయి, ఆ కొన్ని వారాల సంపాదన అంతా నేరుగా వేళ్లకి దిగుతుంది. ఆ టైంలో ఆకుకి తెగులు వచ్చి ముందే రాలిపోతే వచ్చే ఏడాది పూత బలహీనంగా ఉంటుంది, పెద్ద గాదె ఉన్న చెట్టు ఒకసారి తట్టుకుంటుంది, పొట్టిది తట్టుకోదు. నేల తడి ఉంచండి, ఆకు తెగుళ్లని కాపు ఉన్నప్పుడు చూసుకున్నంత శ్రద్ధగా చూసుకోండి. నైట్రోజన్ తక్కువున్న చెట్టుకి కోత తర్వాత ఆకుల మీద పలచగా యూరియా కొడితే అది బెరడులోకి చేరి నిల్వ అవుతుంది, ముదురు ఆకు కాబట్టి కొత్త చిగురుకి పోదు.

గాదె నిండిందా లేదా చూసే పద్ధతి

దీనికి ల్యాబ్ అక్కర్లేదు, టించర్ అయోడిన్ చాలు. ఆకు రాలిపోయిన కొత్తలో చెయ్యండి, చలి బాగా ముదిరాక చేస్తే స్టార్చ్ చక్కెరగా మారిపోయి లేనట్టు కనిపిస్తుంది. మొదలుకి మూరెడు దూరంలో మట్టి మెల్లగా తీసి పెన్సిల్ లావు వేరు ఒకటి వెతకండి, వేలెడు ముక్క కోసుకుని మట్టి కప్పెయ్యండి. ముక్కని కడిగి, కొత్త బ్లేడుతో చివర అడ్డంగా నున్నగా కోసి, ఆ కోత మీద రెండు చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగి, పైన తుడిచి వెలుతురులో చూడండి. నిల్వ ఉన్న వేరులో మధ్య నుంచి బెరడు దాకా సైకిల్ చక్రం పుల్లల్లాగా నల్లటి గీతలు తేలతాయి, బెరడు లోపలి అంచు కూడా నల్లబడి ఒక వలయంలా కనిపిస్తుంది. ఖాళీ వేరైతే అయోడిన్ తన గోధుమ రంగులోనే ఉండిపోతుంది, అక్కడక్కడ బూడిద మచ్చలు తప్ప గీతలు ఉండవు. ఇది నంబర్ చెప్పదు, పోలిక చెబుతుంది, కాబట్టి అనుమానం ఉన్న చెట్టుదీ, బాగున్న చెట్టుదీ ఒకే రోజు, ఒకే లావు వేరు తీసి పక్కపక్కన పెట్టండి. ఆకు రాల్చని చెట్లకైతే పూతకి ముందు చెట్టు ఏ చిగురూ వెయ్యకుండా ఊరుకున్న టైంలో చెయ్యాలి.

వేరు కొయ్యడం ఇష్టం లేకపోతే చిగుళ్ల పొడవు కొలవండి. కాపులో ఉన్న ఆపిల్ చెట్టుకి ఏడాది చిగుళ్లు జానెడు నుంచి మూరెడు లోపు ఉంటే బాగున్నట్టే. బెత్తెడు కూడా లేకపోతే గాదె అడుగంటింది, రెండు మూరలు దాటుతుంటే ఖర్చంతా చెక్కకి పోతోంది.

అడుగంటిన చెట్టుకి

నేను మొదట్లో చేసిన తప్పు ఎరువు దంచెయ్యడం. నైట్రోజన్ వేస్తే దాన్ని ఆకుగా మార్చడానికి కూడా నిల్వ చక్కెరే కావాలి, అది లేని చెట్టుకి ఎరువు భారమే. ముందు ఆ ఏడాది పూలన్నీ తీసెయ్యండి, ఒక్కటి కూడా ఉంచొద్దు. చలికాలంలో పూమొగ్గల గుబుర్లని సగానికి తగ్గించి, నిటారుగా ఉన్న కొన్ని కొమ్మలకి చివర కోస్తే మిగిలినవాటికి బలం వస్తుంది. గడ్డి తీసి, మల్చ్ వేసి, నీళ్లు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు ఇవ్వండి, ఆకు నిలబడ్డాక అప్పుడు కొంచెం ఎరువు. ఆకుని చివరిదాకా కాపాడండి. ఇంత చేసినా రెండేళ్లలో చిగురు జానెడు దాటకపోతే ఆ వేరు ఆ నేలకి సరిపోలేదని అర్థం, పక్కన బలమైన వేరు మొక్క నాటి దాని తలని ఈ చెట్టు మొదలుకి, అంటుకి పైన, గాటు పెట్టి కట్టే పద్ధతి ఒకటుంది, ఇన్ ఆర్చింగ్ అంటారు, అతికిన తర్వాత చెట్టుకి రెండో వేరు దొరికినట్టే.

నా ఎం 9 చెట్టుకి అంత దాకా రాలేదు. రెండేళ్లు వరసగా ఒక్క కాయ ఉంచలేదు, రెండో ఏడాది ఆకు రాలాక వేరు ముక్క కోసి అయోడిన్ వేస్తే గీతలు ఎంఎం 111 వేరులో ఉన్నంత దట్టంగా వచ్చాయి. తర్వాతి పూతకి మొదలు చుట్టుకొలత 8 సెంటీమీటర్లు ఉంది, లెక్క ప్రకారం 25 దాకా ఉంచొచ్చు, నేను 12 ఉంచాను.